అక్కయ్య మిద్దె – మేనల్లుడి మేడ

టైటిల్ చూసి ఏదో పాత కుటుంబ కథాచిత్రం గురించి రాస్తున్నాననుకుని గబగబా ఈ పేజీకి వచ్చేశారా తమ్ముళ్లూ, చెల్లెళ్లూ? కాదు. ఈ వారం మన కథలో హీరో లేడు, హీరోయినూ లేదు. డ్యూయెట్టు అసలే లేదు. ఉన్నదల్లా ఒక తీగ. ఆ తీగ ఇంట్లోకి ఎట్లా వస్తుంది, ఎవరు రానిస్తారు, ఎవరు అడ్డం నిలుస్తారు... అదే కథ, అదే స్క్రీన్‌ప్లే. విలన్ ఉన్నాడా అంటారా? చదివి మీరే చెప్పండి.

"సినిమా పత్రికలో ఇంటర్నెట్టు గోలేమిటి గురూ?" అని కొందరు కనుబొమలు ఎగరేస్తారని నాకు తెలుసు. మరి మీరు నాకు రాసే నాలుగు ముక్కల్లో మూడు ఇవే కదా! ఫలానా బొమ్మ ఓటీటీలో ఎప్పుడొస్తుంది? సరిగ్గా క్లైమాక్సులో తెర మీద చక్రం గిర్రున తిరుగుతోంది, ఏం చెయ్యాలి? కొత్త ఇంట్లోకి మారాం, ఏ కనెక్షన్ పెట్టించుకోమంటారు? 2022 ఆగస్టులో మన నిర్మాతలు షూటింగులు ఆపేసి కూర్చున్నారు చూడండి, అప్పుడు వాళ్లు తేల్చుకోవాలనుకున్న తగవుల్లో ఒకటి ఇదే – హాల్లో విడుదలైన సినిమా ఎన్ని వారాలకు ఇంటికి రావాలి అన్నది. సినిమా ఇంటికి వచ్చే దారి గురించి నిర్మాతలే అంత కొట్టుకుంటుంటే, ఇంట్లో కూర్చుని చూసేవాళ్లం మనం ఆ దారి ఎట్లా ఉందో ఒకసారి చూసుకోవద్దూ?

మా అక్కయ్యను ఇచ్చింది విడపనకల్లు. అనంతపురం జిల్లాలో కర్ణాటక సరిహద్దు మండలం. ఒక పక్క ఉరవకొండ, ఒక పక్క గుంతకల్లు, ఆ పక్క బళ్లారి. సినిమా వ్యాపారం తెలిసినవాళ్లకు 'సీడెడ్' అంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. 1800లో నిజాం ఇంగ్లీషువాళ్లకు ధారపోసిన జిల్లాలు కాబట్టి ఆ పేరు. బళ్లారి కూడా అందులోదే సుమండీ. అంచేత మా బావ కుర్రతనంలో బళ్లారి వెళ్లి తెలుగు బొమ్మ చూసి, కన్నడం పాట పాడుకుంటూ తిరిగొచ్చేవాడు. నల్లరేగడి మీద మిరప, పప్పుశనగ. ఎర్రనేల మీద శెనక్కాయ. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే పండగ. వాన లేని లోటు తీర్చడానికా అన్నట్టు గాలి మాత్రం దండిగా వీస్తుంది. ఆ చుట్టుపక్కల గాలిమరలు ఊరికే పాతలేదు మరి!

ఆ ఊళ్లో మా అక్కయ్య ఇల్లు పాతకాలపు మిద్దె. మూరెడు మందం రాతిగోడ. ఆ గోడ సంగతి గుర్తు పెట్టుకోండి, దానికి ఈ కథలో క్యారెక్టర్ ఉంది.

ఆ ఇంట్లోకి బొమ్మ వచ్చిన దారి చూస్తే మన దేశంలో టీవీ చరిత్ర అంతా కనబడుతుంది. మొదట మిద్దె మీద అల్యూమినియం కడ్డీల యాంటెన్నా. ఒకడు పైన తిప్పుతూ "వచ్చిందా?" అని అరవడం, కింద పదిమంది "వచ్చింది... ఆఁ పోయింది" అని అరవడం. 1987లో ఆదివారం పొద్దున రామాయణం మొదలైనప్పుడు ఆ మిద్దె వసారాలో కాలు పెట్టే సందు ఉండేది కాదు. తరువాత 1995లో తెలుగు ప్రైవేటు చానెళ్లు వచ్చాయి, వాటి వెనకాలే ఊళ్లోకి కేబులూ దిగింది. స్తంభం నుంచి స్తంభానికి నల్లతీగ లాగిన కుర్రవాణ్ణి జనం 'కేబులోడు' అన్నారు. ఆ పేరు వాడి అసలు పేరును మింగేసింది. పట్నాల్లో మొదలైన డిజిటల్ డబ్బాల చట్టం పల్లెలకు చేరేసరికి 2017 వచ్చింది. అప్పుడు డబ్బా లేనిదే బొమ్మ లేదని తేలింది. కేబులతను డబ్బా తెచ్చి బిగించి, "పెద్దమ్మా, ఇంక పండగే" అన్నాడు.

అప్పుడే వచ్చింది ఫైబర్‌నెట్. ఇది మన రాష్ట్రం సొంత కథ కాబట్టి కాస్త నిలబడి చూద్దాం. భూమి తవ్వి గొట్టాలు పాతితే ఖర్చు, కాలం రెండూ ఎక్కువని, ఉన్న కరెంటు స్తంభాల మీదనే గాజుతీగ లాగుదామన్నారు. 2016 డిసెంబరులో తూర్పు గోదావరిలోని మోరి గ్రామంలో తొలి ప్రయోగం. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా రాష్ట్రమంతటికీ ప్రారంభం. టీవీ, నెట్టు, ఫోను మూడూ కలిపి నెలకు 149 రూపాయలు, పైన పన్ను! ఆ ధర తరువాత నిలవలేదనుకోండి. దీంట్లో తెలివైన పని ఒకటుంది. ఇంటింటికీ తీగ ఇచ్చే పని కొత్తవాళ్లకు అప్పగించలేదు. ఊళ్లో ఉన్న కేబులతనికే ఇచ్చారు. వాడి బతుకు పోలేదు, మనకు మొహం తెలిసిన మనిషీ పోలేదు.

సినిమావాళ్లకు సంబంధించిన ముచ్చట కూడా ఒకటి జరిగింది. 2023 జూన్‌లో ఈ ఫైబర్‌నెట్ వాళ్లే 'ఫస్ట్ డే ఫస్ట్ షో' అని పెట్టారు. హాల్లో విడుదలైన రోజే ఇంట్లోనూ బొమ్మ. 99 రూపాయలు కడితే 24 గంటలు చూసుకోవచ్చు. మొదటి సినిమా 'నిరీక్షణ'. పెద్ద హీరోల బొమ్మలు ఆ దారి పట్టలేదు కాబట్టి హాళ్లవాళ్లు గుండెలు బాదుకోవలసిన అవసరం రాలేదు. కానీ ఆలోచన చూశారూ! అనంతపురం మారుమూల పల్లెలో ముసలమ్మ కూడా మొదటి రోజు మొదటి ఆట చూడవచ్చునన్న మాట వినడానికే ఎంత బాగుంది!

సరే, ఇక అసలు కథ. మా మేనల్లుడు హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం. పెళ్లయింది, అప్పు చేసి ఫ్లాట్ కొన్నాడు. ఫ్లాటంటే అలాంటిలాంటి ఫ్లాటా! గేటు దగ్గర ఇద్దరు కాపలా, లోపల ఈతకొలను, క్లబ్బుహౌసు, పిల్లల పార్కు. అమ్మానాన్నలేమో ఊళ్లో. ఒక రోజు ఫోన్ చేశాడు.

"మామా, అమ్మకు పెద్ద కనెక్షన్ పెట్టించినా. రెండు వందల స్పీడు. ఏడాది డబ్బు ఒక్కసారే కట్టేసినా. ఇంక అమ్మ ఆ కేబులోని మొహం చూడాల్సిన పన్లేదు."

"భేష్" అన్నాను. అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఏం జరిగిందంటే, వాడు ఫోనులో పిన్‌కోడు కొట్టాడు, 'మీ ప్రాంతంలో ఉంది' అని వచ్చింది, డబ్బు కట్టేశాడు. పిన్‌కోడు అంటే ఒక్క ఊరా, ఒక్క వీధా? కంపెనీ మనిషి వచ్చి వీధి చివర నిలబడి చూసి, "ఇక్కడిదాకా మా తీగ లేదు సార్" అని వెళ్లిపోయాడు. కట్టిన డబ్బు వెనక్కి రావడానికి మూణ్ణెల్లు పట్టింది. ఆ కంపెనీ పేరు నేను రాయను. ఇలాంటిది అందరి దగ్గరా జరుగుతుంది. మీరు మాత్రం ఒక పని చేయండి. మీ ఇంటి పక్కవాడికి, సరిగ్గా పక్కింటివాడికి, ఏ తీగ పనిచేస్తోందో వెళ్లి చూడండి. వీలైతే రాత్రి తొమ్మిదింటికి, ఊరంతా కూర్చుని చూసే వేళకు వెళ్లండి. పొద్దున పదింటికి ఏ కనెక్షనైనా గుర్రమే. ఏడాదికి ఒక్కసారే కడితే తక్కువ పడుతుందన్న ఆశ కూడా మొదటి మూడు నెలలు గడిచాక పెట్టుకోండి.

అక్కయ్య మటుకు నవ్వింది. "వాని పిచ్చి గానీ, ఆ రెండు నూర్ల స్పీడు తోని నేను యాడికి పోవల్ల?" అంది.

ఆమె మాటలో ఉన్న లెక్క ఎంత ఖచ్చితమో చూడండి. శుభ్రమైన హెచ్‌డీ బొమ్మ ఒకటి ఆగకుండా నడవడానికి 5 ఎంబీపీఎస్ ఉంటే చాలు. 4కే అంటే 15 దాకా కావాలి. ఇంట్లో మూడు తెరలు ఒకేసారి నడిచినా 30, 40తో భేషుగ్గా గడుస్తుంది. వేగం కన్నా ముందు చూసుకోవలసింది ఎన్ని జీబీలు ఇస్తాడన్నది. హెచ్‌డీలో గంటకు 3 జీబీ దాకా తాగుతుంది. మన సినిమా రెండున్నర గంటలు, అంటే ఏడు జీబీ పైచిలుకు. నెలకు పది సినిమాలు చూసే ఇల్లయితే మీరే లెక్కేసుకోండి. ఇంకో చిన్న మోసం... మోసమని కాదులెండి, మన పొరపాటు. 40 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 40 మెగాబైట్లు అనుకుంటాం. కాదు, ఎనిమిదో వంతు, 5 మెగాబైట్లే. డౌన్‌లోడు చేసుకునేటప్పుడు "సగం కూడా రావట్లేదు" అని కేబులతని మీద ఎగిరేవాళ్లు ముందు ఎనిమిదితో భాగించండి.

ఇక గోడ క్యారెక్టర్. అక్కయ్య ఇంట్లో ఫైబర్‌నెట్ డబ్బా వాకిట్లో గూట్లో పెట్టారు, టీవీ నడింట్లో. మధ్యన మూరెడు రాతిగోడ. సెలవులకు వచ్చిన మేనల్లుడు ఫోను పట్టుకుని నడింట్లో కూర్చుంటే చుక్క సిగ్నల్ రాదు. "కనెక్షన్ మార్చల్ల మామా" అని ఒకటే గోల. కనెక్షన్ ఏం చేసింది పాపం! వైఫైలో వేగంగా పోయే 5 గిగాహెర్ట్జ్ అలకు గోడలంటే భయం, 2.4 కాస్త మొండిది, గోడ దాటుతుంది గానీ నెమ్మదిస్తుంది. రాతి మిద్దెకు రెండూ చాలవు. కేబులతను వచ్చి చూసి, ఇరవై అడుగుల తీగ తెచ్చి, తలుపు పైకప్పు సందులోంచి దూర్చి డబ్బాను నడింట్లోకి మార్చాడు. వైర్ ఖర్చు తప్ప పైసా తీసుకోలేదు, మజ్జిగ తాగి వెళ్లాడు. నెలకు వెయ్యి రూపాయల ప్లాన్ చెయ్యలేని పని ఆ ఇరవై అడుగుల తీగ చేసింది.

మా బావకు ఈ తీగల మీద నమ్మకం లేదు. ఆయన మిద్దె మీద సొంతంగా ఒక డిష్ పెట్టుకున్నాడు, దూరదర్శన్ వాళ్ల ఫ్రీ డిష్. 2004 డిసెంబరులో మొదలైంది అది. గొడుగు, డబ్బా కొనుక్కుంటే నెలనెలా కట్టేది లేదు. పే చానెళ్లు అందులో ఆశించకూడదు. ఆయనకు వార్తలూ, పాతపాటలూ, సప్తగిరీ చాలు. పట్నంలో డిష్ అంటే "వానొస్తే బొమ్మ పోతుంది" అని పెదవి విరుస్తారు. మా బావ జవాబు వినండి: "వాన రానీప్పా! వచ్చిన పొద్దు టీవీ ఎవడు చూస్తాడు? అందరం వాకిట్లోనే నిలబడి వాననే చూస్తాం."

గాలి సంగతి వేరు. ఒక ఆషాఢంలో రాత్రి గాలికి స్తంభం మీది తీగ తెగి వీధిలో పడింది. ఫైబర్‌నెట్లో టీవీ చానెళ్లు కూడా ఆ నెట్టు తీగలోంచే వస్తాయి. అంచేత ఒక్క తీగ తెగితే టీవీ, నెట్టు, ఫోను మూడూ ఒకేసారి కన్నుమూస్తాయి. చవగ్గా వచ్చిందని మూడూ ఒక్కరి దగ్గరే తీసుకునేవాళ్లు ఇది మనసులో పెట్టుకోవాలి. ఆ రాత్రి వీధి వీధంతా చీకటి తెర. మా బావ ఒక్కడే మీసం దువ్వుకుంటూ డిష్‌లో పాతపాటలు పెద్ద సౌండు పెట్టి వీధికంతా వినిపించాడు. పొద్దున ఎనిమిదింటికల్లా కేబులతను నిచ్చెనతో దిగాడు. ఆలస్యమయిందని అక్కయ్య నాలుగు అంటించింది కూడా. అనగలిగింది! ఆ మాట గుర్తుంచుకోండి, ఇప్పుడు మనం హైదరాబాదు వెళుతున్నాం.

మేనల్లుడి మేడలో ఒకే ఒక్క కంపెనీ నెట్టు. ఫ్లాట్లు కట్టేటప్పుడే బిల్డరు ఆ కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. గోడల్లో గొట్టాలు వాళ్లవే, తీగలు వాళ్లవే. తరువాత ఓనర్ల సంఘం ఏర్పడి ఆ ఒప్పందాన్నే నెత్తికెత్తుకుంది. బాల్కనీకి డిష్ బిగించకూడదు, బిల్డింగ్ అందం చెడుతుంది. బయటి కంపెనీ కుర్రవాడు తీగచుట్టతో వస్తే గేటు దగ్గరే "సెక్రెటరీ గారి లెటర్ ఉందా?" అంటారు. మొదట్లో మావాడికి ఇదంతా హాయిగానే తోచింది. వెతుక్కునే పన్లేదు, తాళం తీసుకున్న రోజే నెట్టు!

ఒక శుక్రవారం సాయంత్రం లైను పోయింది. మావాడి భార్య ఇంటి నుంచే పనిచేస్తుంది. ఆ వారమే ఆమె కొత్త ప్రాజెక్టు పరీక్ష, విదేశంవాళ్ల ముందు రెండు రాత్రులు వరసగా కూర్చోవాలి. కంపెనీకి ఫోన్ చేస్తే ఒక నంబరు ఇచ్చారు. ఆ నంబరుతో మళ్లీ చేస్తే 'మీ ఫిర్యాదు పురోగతిలో ఉంది' అన్న రికార్డు. ఫోనులోంచి నెట్టు లాగుదామంటే పన్నెండంతస్తుల మధ్య బావిలాంటి చోట వాళ్ల ఫ్లాట్, రెండు గీతలు వస్తే గొప్ప. ఆ అమ్మాయి రాత్రి పదకొండింటికి ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని స్నేహితురాలి గదికి ఆటోలో వెళ్లింది. మూడో రోజుకు లైను వచ్చింది. ఈలోగా ప్రాజెక్టు ఇంకొకరికి వెళ్లిపోయింది.

"ఇంకో కంపెనీది కూడా తీసుకుంటాం, డబ్బు మేమే కట్టుకుంటాం" అని మావాడు సెక్రెటరీ గారి దగ్గరకు వెళ్లాడు.

"కుదరదు బాబూ. అగ్రిమెంటుంది."

"అగ్రిమెంటు ఒకసారి చూపిస్తారా అంకుల్?"

ఇక్కడ సెక్రెటరీ గారిని మీరు విలన్‌ని చేసేశారు కదూ! నేనూ చేశాను. కానీ ఆయన బీరువా తీసి కాగితం చూపించారు. అందులో రెండు సంగతులున్నాయి. ఒకటి, ఒప్పందం అయిదేళ్లకు. రెండు, ప్రతి కనెక్షన్ మీదా సంఘానికి నెలకింత అని కంపెనీ ఇస్తోంది. ఆ డబ్బు ఆయన జేబులోకి పోవట్లేదు, క్లబ్బుహౌసు కరెంటు బిల్లుకు పోతోంది. అది ఆగిపోతే అందరి మెయింటెనెన్సూ పెరుగుతుంది. పై అంతస్తుల్లో పింఛను మీద బతికే పెద్దవాళ్లున్నారు. వాళ్లకు నెట్టుతో పనే లేదు, మెయింటెనెన్సు పెరిగితే మాత్రం నొప్పి. చూశారా, ఎవరి గోల వారిది. మావాడి ఇంట్లో జీతం, పైన వాళ్ల మందుల ఖర్చు.

సినిమా భాషలో చెప్పాలంటే ఊళ్లో ఒక్కటే హాలుండి, ఆ హాలు ఒక్క డిస్ట్రిబ్యూటరుకే రాసిచ్చినట్టన్నమాట. టిక్కెట్టు ధర గొప్పగా తగ్గించినా, సౌండు బాగాలేదని మీరు లేచి పక్క హాలుకు పోలేరు. మనం ప్యాకేజీ కాగితాలు ముందేసుకుని ఇందులో ఎన్ని చానెళ్లు, అందులో ఎంత స్పీడు అని కొట్టుకుంటాం గానీ, మీ గడప దాకా వచ్చే చివరి వంద గజాల తీగ ఎవరి చేతిలో ఉందో అడగం. నన్నడిగితే ఫ్లాట్ చూడటానికి వెళ్లిన రోజే, నీళ్లెట్లా, కారు ఎక్కడ పెట్టాలి అన్న ప్రశ్నల పక్కనే ఇదీ అడగాలి. ఇక్కడికి ఎన్ని కంపెనీల తీగలు వస్తాయి? ఒప్పందం ఎప్పటితో ముగుస్తుంది? డిష్ పెట్టుకోనిస్తారా? కొన్న తరువాత అడిగితే జవాబు బీరువాలో ఉంటుంది.

ఈ తగవు మన ఒక్కరిదే కాదు. అమెరికాలో టెక్సాస్‌లో, డాలస్ పక్కన, మా దూరపు చుట్టం ఒకమ్మాయి ఇల్లు కొనుక్కుంది. అక్కడ ఇళ్ల యజమానుల సంఘాలంటే చిన్న ప్రభుత్వాలే, గడ్డి ఎంత పొడుగుండాలో కూడా వాళ్లే చెబుతారు. ఆమె సంఘం చందాలోనే నెట్టు ఖర్చు కలిపేశారు. వాడినా కట్టాలి, వాడకపోయినా కట్టాలి. అయితే అక్కడివాళ్లు రెండు తలుపులు మాత్రం మూయనివ్వలేదు. 1996లో వాళ్ల కమ్యూనికేషన్ల కమిషన్ ఒక నియమం పెట్టింది. మీ సొంత వాడకంలో ఉన్న చోట మీటరు లోపు డిష్ పెట్టుకుంటే సంఘం కాదనకూడదు. 2007లో ఇంకోటి. అపార్ట్‌మెంట్లలోకి మరొకరు రాకుండా కేబుల్ కంపెనీలు రాయించుకునే ఒప్పందాలు చెల్లవంది. ఆమె నెట్టు సంఘం ఇచ్చిందే వాడుతుంది, తెలుగు చానెళ్లు మాత్రం తన ఇష్టం వచ్చినచోట కొనుక్కుంటుంది.

మన దగ్గర ట్రాయ్ 2017 జనవరిలో ఇదే మాట సిఫారసు చేసింది – బిల్డింగుల్లోకి ఏ కంపెనీనైనా వివక్ష లేకుండా రానివ్వాలని. సిఫారసు సిఫారసే అనుకోండి, గేటు దగ్గర చూపిస్తే కాపలా అతను పక్కకు జరగడు. 2024 అక్టోబరులో ఇంకో అడుగు వేశారు. డిజిటల్ సౌకర్యం ఎట్లా ఉందో చూసి బిల్డింగులకు నక్షత్రాల రేటింగు ఇచ్చే నియమాలు తెచ్చారు. రివ్యూల్లో మేం సినిమాలకు ఇస్తాం చూడండి, అట్లాగన్నమాట!

మావాడు ఆ కాగితాలన్నీ పట్టుకుని సంఘం జనరల్ బాడీలో నిలబడ్డాడు. మూడు గంటలు సాగిందట మీటింగు. ఒకాయన డిష్‌ల గురించి మొదలుపెట్టి కుక్కల దగ్గర ఆగాడట. చివరికి ఒక పెద్దావిడ, రిటైర్డు టీచరమ్మ, లేచి ఒక మాట అన్నదట. "నాకు నెట్టు వద్దు. కానీ ఆ అమ్మాయి రాత్రి పదకొండింటికి ఆటో ఎక్కడం నేను బాల్కనీలోంచి చూశాను." అంతే, చెయ్యెత్తించారు. ఒప్పందం ముగిసేదాకా డబ్బు ఆ కంపెనీకే. అవసరమని రాసిచ్చిన ఇళ్లకు మాత్రం రెండో కంపెనీ తీగ వేసుకోవచ్చు, కొత్త ఒప్పందంలో 'ఒక్కరికే' అన్న మాట ఉండకూడదు. ఆ కంపెనీ కూడా పెద్దగా మొరాయించలేదట. మెయింటెనెన్సు కొంచెం పెరగవచ్చు. పెరిగితే మావాడు తిట్లు తినవలసిందే, తింటానంటున్నాడు.

ఇంతలో అక్కయ్య ఇంట్లో వేరే పంచాయతీ. డబ్బాలో మూడు వందల చిల్లర చానెళ్లు, నెల బిల్లు ఎందుకింత అని బావ పేచీ. 2019 ఫిబ్రవరి నుంచి మనం చూసే చానెలుకే డబ్బు కట్టే పద్ధతి వచ్చిందని ఆయనకు ఎవరో చెప్పారు. నిజమే. ప్రతి పే చానెలుకూ ధర బయటపెట్టాలి, కావలసినవి విడివిడిగా ఏరుకోవచ్చు. అయితే గుత్తగా కొంటే చవగ్గానూ, విడిగా ఏరితే ఖరీదుగానూ తోచేట్టు పెట్టడం వ్యాపారస్తుల నేర్పు. అక్కయ్య ఏం చేసిందంటే, చేటలో శెనక్కాయలు ముందేసుకుంది. చూసే చానెలుకు ఒక కాయ చొప్పున పక్కన పెట్టమంది. బావ రెండు పెట్టాడు. ఆమె మూడు. మనవడు కార్టూనుకు ఒకటి, సెలవులకొచ్చిన కోడలు సినిమాలకు రెండు. ఎనిమిది కాయలు! ఆ ఎనిమిదీ విడిగా కడితే ఎంతో, గుత్తగా ఎంతో కేబులతణ్ణి కూర్చోబెట్టి లెక్క కట్టించింది. విడిగానే తక్కువ తేలింది. మిగిలిన శెనక్కాయలు కేబులతను తినేశాడు.

మొన్న ఉగాదికి నేనూ వెళ్లాను. మేనల్లుడూ, భార్యా వచ్చారు. భక్ష్యాలు తిని, రాత్రి నడింట్లో అందరం ఓటీటీలో ఓ కొత్త బొమ్మ పెట్టుకుని కూర్చున్నాం. మంచి పట్టు మీద ఉంది, హీరో తల్లి నిజం చెప్పబోతోంది... గిర్రున చక్రం! మేనల్లుడు అలవాటు కొద్దీ ఫోన్ తీసి ఫిర్యాదు నంబరు కోసం వెతుకుతున్నాడు. బావ చప్పుడు చేయకుండా రిమోటు మార్చి డిష్ పెట్టేశాడు. అక్కయ్య మాత్రం తన పాత ఫోనులో ఒక్క మీట నొక్కింది.

"ఏమప్పా, యాడుండావు?"

"స్తంభం మీదనే ఉండా పెద్దమ్మా. పది నిమిషాలు. ఇంటర్వెల్ అనుకోండి."